జ్వరం లేని ఇంట్లో రొట్టె

కుండ మీద బోర్లించిన మూకుడుపై నిప్పులు సమంగా పరిచి, పొయ్యి ముందుకు పీట జరుపుకొని కూర్చున్నాక లింగస్వామి గోడ గడియారం చూశాడు. మూడూ నలభై. మోత్కూరు బస్సు నాలుగింటికి వస్తుంది, బస్టాండు నుంచి ఈ వాడకు నడక పావుగంట, అత్త అమృతమ్మ నడకకైతే పది నిమిషాలు చాలు, అరవై దాటినా ఆమె నడుస్తుంటే వెనక వచ్చేవాళ్లు పరుగెత్తాల్సిందే. అంటే ఇంకా అరగంట ఉంది. ఈ అరగంటలో రొట్టె కాలాలి, కాస్త చల్లారాలి, బడి విడిచి కూతురు మంజులత ఇంటికి రావాలి, అమృతమ్మ రావాలి. ఎవరు ముందు ఎవరు వెనక అన్నదొక్కటే తెలియదు. చొక్కా జేబులో అమృతమ్మ కార్డు ఉంది. ఊళ్లో ఎవరి చేతనో రాయించింది, మాటలు మాత్రం ఆమెవే: శుక్రవారం వస్తున్న, పిల్లను తోల్కపోత, బట్టలు సర్ది పెట్టు, మొగోని చేతి కింద ఆడపిల్ల పెరగదు. లింగస్వామి బట్టలు సర్దలేదు. కోపంతో కాదు. సర్దాల్సిన అవసరం రాదని లోపల ఎక్కడో ఒక నమ్మకం. ఎందుకని ఎవరైనా నిలదీస్తే చెప్పలేడు, అన్నం ఉడికిందని మూత తీయకుండానే తెలిసినట్టు తెలుసు, అంతే.

మూత తీయకుండానే అన్నం సంగతి తెలుస్తుంది గాని ఈ రొట్టె సంగతి తెలియటం లేదు. కుండలో నాలుగు వేళ్ల ఇసుక, ఇసుక మీద మూడు రాళ్లు, రాళ్ల మీద ఇనుప పళ్లెం, పళ్లెంలో రొట్టె. మూరెడు పొడవుంది, కుండలో పట్టక మధ్యకు కోయాల్సి వచ్చింది, కోసేటప్పుడు లోపలింకా ఐసు గట్టిదనం కత్తికి తగిలింది. నిన్న సాయంత్రం ఐలేశం కిరాణా దుకాణంలో ఊక పెట్టె తెరిచి ఐసుగడ్డల మీది నుంచి దాన్ని పైకి తీసినప్పుడు మంజులత ముట్టుకొని చెయ్యి వెనక్కి లాక్కుంది. మైనం కాగితంలో తెల్లగా, పాలిపోయి, రోకలిలా బిగుసుకొని ఉంది. ‘గిది ఫ్రాన్సు రొట్టె సార్. పట్నంల సగమే కాల్చిన్రు, తతిమ్మ సగం ఇంట్లనే కాల్చుకోవాలె’ అన్నాడు ఐలేశం. ‘సగం వండి అమ్ముడేం బేరం ఐలేశం? రేపు సగం ఉడికిన పప్పు గూడ తెస్తవా?’ అంటే ఐలేశం నవ్వలేదు, గంభీరంగా, ‘మీరు తిని మంచిగుందంటే జనం కొంటరు సార్. కిలో రాళ్లను గూడ మీరు చెప్పినంకనే గద నమ్మిన్రు’ అన్నాడు. ఇవ్వాళో రేపో కాల్చకపోతే ఎల్లుండికి బూజు పడుతుందని కూడా చెప్పాడు. ఆ మాటకే మంజులత చొక్కా పట్టుకొని గుంజింది. ‘బాపూ, మనమే కాల్చుకుందాం. రేపు నేను బడికెల్లి వచ్చేవరకు చెయ్యి.’ చేస్తానన్నాడు. చేస్తానన్నాక శుక్రవారమనీ, కార్డు అనీ, అత్త అనీ వెనక్కి తగ్గటం అతనికి చేతకాదు.

రొట్టెతో పాటు ఒక చీటీ వచ్చింది, ఉర్దూలో. పట్నం బేకరీ ఆయన రాసింది. నల్లగొండలో ఇప్పుడు ఉర్దూ చీటీ ఎవరైనా చదవమంటే ముసలివాళ్లను వెతకాలి, లేదా లింగస్వామి లాంటి వాళ్లను, నిజాం రోజుల్లో హైదరాబాదులో కాలేజీ చదివి, వేడి ఎట్లా పాకుతుందో, ఇనుము ఎందుకు ఉబ్బుతుందో అన్నీ కుడి నుంచి ఎడమకు నేర్చుకున్నవాళ్లను. చీటీలో ఉన్నది నాలుగు వాక్యాలే. పొయ్యి ముందే బాగా కాగాలి. రొట్టె మీద తడిచేత్తో నీళ్లు చిలకరించాలి. పావుగంట మూత తీయకూడదు. తీసిన తరువాత చెవి దగ్గర పెట్టుకొని వినాలి. ఈ చివరి వాక్యం దగ్గర అతను నిన్న ఆగిపోయాడు, ఇప్పుడూ ఆగిపోయాడు. ఏం వినాలి? ఆయన రాయలేదు. చేసి చూసేవాడికి తెలుస్తుందిలే అని వదిలేసిన మనిషి మీద లింగస్వామికి గౌరవం కలిగింది. హాస్టల్లో ఉన్నప్పుడు పొద్దున్నే గల్లీ చివర హోటల్లో చాయ్‌లో ముంచుకొని తిన్న రొట్టె మెత్తగా ఉండేది, చెప్పటానికి దానికి శబ్దమే లేదు, అది తింటూనే ఒకసారి భార్య అండాలుకు ఉత్తరం రాశాడు, పెళ్లయిన కొత్త, ఇక్కడ పొద్దున రొట్టె తింటున్నానని. వారానికి జవాబొచ్చింది, కలవరంతో నిండిన జవాబు: జరం ఎన్నిరోజుల సంది ఉన్నది, దవాఖానకు పోయినవా, మా అమ్మ మొక్కుకున్నది.

అప్పుడు నవ్వుకున్నాడు గాని అది నవ్వే సంగతి కాదు, ఈ ఊళ్లలో రొట్టె అంటే జ్వరమే. మంచిగా ఉన్నవాడు అన్నం తింటాడు, జొన్నరవ్వ ఉడికించిన గట్క తింటాడు, జొన్నరొట్టె తింటాడు. పట్నం రొట్టె, పాలు అన్నారంటే ఆ ఇంట్లో ఎవరో మంచం మీద ఉన్నట్టు. నిన్న కాగితంలో చుట్టుకొని వస్తుంటే దారిలో ఇద్దరు ఆపి అడిగారు, పిల్ల ఎట్లున్నదని. శేర్లు పోయి కిలోలు వచ్చినప్పుడూ ఇంతే కదా. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ఇత్తడి రాళ్ల పెట్టె మోసుకొని సంతలన్నీ తిరిగాడు, మోత్కూరు సంతలో మిరపకాయలమ్మే ముసలమ్మ ‘సర్కారు శేరును మింగి కిలోను కక్కింది, మా కడుపెట్ల నిండాలె’ అని నలుగురినీ పోగేసింది. లింగస్వామి ఉపన్యాసం ఇవ్వలేదు. ఆమె త్రాసే తీసుకొని ఒక పక్క ఆమె శేరు, ఒక పక్క తన కిలో పెట్టి, శేరు వైపు పిడికెడు మిరపకాయలు వేయమన్నాడు. ముల్లు నిలబడింది. ‘గింతేనా?’ అంది ఆమె. గింతే. మనుషులు చూస్తే నమ్ముతారు, చూపించే దాకా ఓపిక పట్టాలి, గొంతు పెంచకూడదు. అమృతమ్మ విషయంలో కూడా అతని ధైర్యమంతా ఇదే. ఆమె వస్తుంది, పిల్లను చూస్తుంది. అంతకన్నా పెద్ద మాట తన దగ్గర ఏముంది?

వాసన మొదలైంది. ముందు తడి పిండి వాసన, దాని వెనక ఇంకేదో, వేయించిన పేలాల లాంటిది, ఆ తరువాత, ఉన్నట్టుండి, ఆ వార్డు. పట్నం పెద్ద దవాఖాన, పొడవాటి వార్డు, పదహారో మంచం, కిటికీలోంచి పడ్డ ఎండ పలక. అండాలు తల అమృతమ్మ ఒళ్లో ఉంది. అమృతమ్మ రొట్టె పెచ్చు తీసేసి, మెత్తటిది పాలలో ముంచి, వేలితో నోట్లో పెట్టింది, అండాలు మింగి, ‘అమ్మా, మంచిగున్నదే’ అంది. వారం తరువాత తిన్న మొదటి మెతుకు. అమృతమ్మ వార్డంతా వినపడేట్టు, నా బిడ్డ తింటాందని చెప్తూ, పక్క మంచాల వాళ్లకు కూడా తలా ముక్క పంచింది. మూడోనాటికి అండాలు లేదు. లింగస్వామి చెయ్యి తెలియకుండానే పట్టుకారు మీదికి పోయింది. రెండేళ్లలో ఒక్కసారీ రానిది ఇప్పుడా గుర్తు రావటం? అమృతమ్మ ఇంట్లోకి అడుగు పెట్టగానే ఎదురొచ్చేది ఈ వాసన. నిప్పులు దించి, కుండ తీసుకుపోయి పెరట్లో బోర్లిస్తే ఇంకా సమయముంది, నాలుగింకా కాలేదు, కిటికీలు తెరిస్తే పోతుంది. మంజులతకు చెప్పుకోవచ్చు, కుదరలేదు బిడ్డా అని. పిల్ల ఒప్పుకుంటుంది కూడా. ఒప్పుకుంటుంది, అదే బాధ. తల్లి పోయినప్పటి నుంచి దేనికైనా ఒప్పుకుంటుంది, నిన్న చొక్కా పట్టి గుంజటం ఎన్నాళ్లకో చూశాడు. అదీగాక ఆ వార్డు పిల్ల చూడలేదు. ఆమెకు రొట్టె ఇంకా రొట్టే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రొట్టె ఏం తప్పు చేసింది? ఆ చివరి రోజుల్లో అండాలుకు రుచించినది అదొక్కటే, ఆ పుణ్యం దానికి ఉండనివ్వాలి.

‘ఏమయ్యా లింగస్వామీ’ అంటూ పెరటి గోడ అవతల నుంచి సాలమ్మ తల కనిపించింది. పక్కింటి ముసలామె, ముక్కు పుటాలు ఎగరేస్తూ వాసన పట్టింది. ‘పిల్ల ఎట్లున్నది?’

‘మంచిగనే ఉన్నది సాలమ్మవ్వా.’

‘మరి నువ్వు కచేరికి పోకపోతివి?’

‘ఇయ్యాల సెలవు వెట్టిన.’

సాలమ్మ ఒక్క క్షణం అతని ముఖం చూసింది. ‘అవు, మంచిగనే ఉన్నదనే అంటరు’ అని తల తీసేసింది. లింగస్వామికి ఆ మాట పూర్తిగా చెవికెక్కలేదు, కుండ లోపల ఏదో చిటుక్కుమంది, అదే వినాల్సిన శబ్దమా అని మూకుడు దగ్గరికి చెవి వంచాడు. సాలమ్మ అంటే అతనికి ఎప్పుడూ గోడ మీద చెంబే గుర్తొస్తుంది. అండాలు పోయిన పదకొండో నాటికి చుట్టాలంతా వెళ్లిపోయాక, ఆ మధ్యాహ్నం ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేనప్పుడు, ఆమె మజ్జిగ చెంబు గోడ మీద పెట్టి ఒక్క మాట అడగకుండా పోయింది. ఆ మాట అడగకపోవటాన్ని అతను ఇప్పటికీ మజ్జిగ కన్నా ఎక్కువగా తలచుకుంటాడు. దవాఖాన ఆయా ఒకామె తెల్లవారుజామున చాయ్ తెచ్చి చేతిలో పెట్టింది, బస్సు డ్రైవరు ఒకాయన ఏమీ చెప్పకుండానే శవం బండి ముందు పోయేదాకా బస్సు ఆపుకొని దిగి నిలబడ్డాడు. మనిషి ఏమైనా పోగొట్టుకోవచ్చు, ఇట్లాంటివి మాత్రం ఎవరూ పట్టుకుపోలేరు.

మొదట్లో అన్నం మాడ్చాడు, తరువాత పలుకు చేశాడు, తరువాత ఒకరోజు అన్నం అన్నంలా దిగితే తండ్రీ కూతురూ కుండ చుట్టూ కూర్చొని వేడి వేడిగా ఉప్పు వేసుకొనే తినేశారు, కూర సంగతి మరిచిపోయి. జడ ఇంకా కష్టం. పాపిడి వంకర పోయేది, బడిలో పిల్లలు వెక్కిరించారని మంజులత వచ్చింది, ఏడవలేదు, గీతలు గీసుకునే స్కేలు కొయ్య తెచ్చి ఇచ్చి, ‘బాపూ, ఇది పెట్టి తియ్యి’ అంది. నిజంగానే పెట్టి తీశాడు. ఇప్పుడు కొయ్య అక్కర్లేదు, రిబ్బను ముడి కళ్లు మూసుకొని వేస్తాడు, కచేరిలో ఫైళ్లకు కట్టే ముడి, దాన్నే కొంచెం సవరించాడు. మొగోని చేతి కింద అన్నది అమృతమ్మ. ఆ చేతి సంగతి ఆమెకు తెలియదు, తెలియకపోవటం ఆమె తప్పూ కాదు, అండాలు ఉన్నన్నాళ్లూ ఈ చెయ్యి కంచం కూడా ఎత్తలేదు. ఆమె బిడ్డ పోయింది, బిడ్డ బిడ్డ మిగిలింది. ఆ పిల్లను ఒళ్లో వేసుకుంటే ఆ ఒడి కొంచెం నిండుతుందనుకుంటుంది. అట్లా అనుకునే మనిషితో గెలవాలని అతనికి లేదు. పిల్ల పోకూడదు, అంతే. పోతే ఈ ఇంట్లో పొద్దున్న ఎవరు లేపుతారు తనను?

పావుగంట దాటి ఐదు నిమిషాలు. పట్టుకారుతో మూకుడు ఎత్తాడు, ఆవిరి ముఖానికి కొట్టింది, కళ్లద్దాలు మసకేశాయి, తుడుచుకొని చూసేసరికి, పాలిపోయిన ఆ రోకలి ఎక్కడుంది? రెండు ముక్కలూ పండిన మొక్కజొన్న కంకి రంగుకు తిరిగి, పైన నెర్రెలిచ్చి, పొంగి కూర్చున్నాయి. గుడ్డతో పట్టుకొని ఒకటి పైకి తీశాడు, అడుగు మాడింది, అరచేయంత నలుపు. ఫరవాలేదు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. వింటే లోపల సన్నగా, ఎండుటాకుల మీద చీమల దండు నడిచినట్టు, చిటచిట, చిటచిట, చల్లగాలి తగిలి పెచ్చు పగులుతోంది, రొట్టె మాట్లాడుతోంది. పట్నంలోని ఆ మనిషి ఇది రాయకుండా ఎందుకు వదిలేశాడో అర్థమైంది. ఒంటరిగా వంటింట్లో రొట్టె చెవికి ఆనించుకొని నిలబడ్డ మనిషిని ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అనుకున్నాడు, అనుకొని కూడా ఇంకాసేపు విన్నాడు.

అంతలో వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. అమృతమ్మ. కొప్పు ఊడి భుజం మీద పడింది, చేతిలో మూట లేదు, సంచి లేదు, చెప్పు ఒక్కటే ఉంది కాలికి. నాలుగు గంటలు కొట్టి పది నిమిషాలు కూడా కాలేదు.

‘ఏదీ, పిల్లేదీ? ఎన్ని దినాల సంది జరం? నాకొక్క కార్డు ముక్క రాయకపోతివి గదయ్యా!’

‘జరమేంది అత్తమ్మా? పిల్ల బడికి పోయింది.’

‘నాతోటి అబద్ధమాడకు. సందు మొగల్నే సాలమ్మ చెప్పింది, రొట్టె కాలుస్తున్నవని, కచేరి గూడ బందు వెట్టినవని. చెప్పకున్నా నాకు తెల్వదా గా వాసన? నేను కాటికి పొయ్యెదాక మరువను గా వాసన. ఏ దవాఖానల ఏసినవ్ నా పిల్లను?’

చేతిలో రొట్టె అట్లాగే ఉంది, ఇంకా సన్నగా చిటపటలాడుతూనే ఉంది. సాలమ్మ ఎందుకట్లా చూసి తల తీసేసిందో ఇప్పుడు తెలిసింది, తెలిసినా నవ్వు రాలేదు. ఆ వీధిలో ఎవరైనా అదే అనుకుంటారు, తన పెళ్లాం ఉత్తరంలో అదే అనుకుంది. రొట్టె పీట మీద పెట్టి చెంబుతో నీళ్లిచ్చాడు. ఆమె తాగలేదు, చెంబు పట్టుకొనే గడప మీద కూలబడింది. జ్వరం లేదని నూరుసార్లు చెప్పొచ్చు. ఒట్టు వేయొచ్చు. అతను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ‘బడి విడిచే యాల్లైంది అత్తమ్మా. జరంత సేపు కూసుందాం’ అన్నాడు. కూర్చున్నారు. గడియారం కొట్టుకుంటోంది. ఆమె పీట మీది రొట్టె వైపు చూడకుండా చూస్తోంది. అతనికి మొదటిసారిగా భయం వేసింది, బడి నుంచి వచ్చే దారిలో పిల్ల ఎక్కడైనా ఆగితే, దాని స్నేహితురాలింటికి పోతే, ఇవ్వాళే నిజంగా ఒళ్లు వెచ్చబడితే. ఇన్ని నెలల్లో లేనిది ఈ పది నిమిషాల్లోనే జరిగితే. ఆమె చెయ్యి పక్కనే ఉంది, నరాలు తేలిన చెయ్యి, పాలలో ముంచిన మెతుకు అందించిన చెయ్యి. పిల్లకు ఏమైనా అయిందంటే ఈ ప్రపంచంలో తనంత వణికేది ఈ ఒక్క మనిషే కదా అని తోచింది, తోచేసరికి ఆ భయం సగం దిగింది.

‘బాపూ! కాలిందా?’ సందు మలుపులోనే వినపడింది కేక. సంచి వీపు మీద ఎగురుతుండగా మంజులత గడప దూకబోయి, దాని మీద కూర్చున్న అవ్వను చూసి ఆగింది. అమృతమ్మ ఆమెను లాక్కొని నుదురు పట్టి చూసింది, మెడ చూసింది, గౌను కింద నుంచి పొట్ట తడిమింది. ‘సల్లగనే ఉన్నది’ అంది, ఎవరితోనో. మళ్లీ నుదురు పట్టి చూసింది. ‘నాలుక చూపియ్.’ నాలుక నీలంగా ఉంది. ‘అయ్యో, ఇదేంది బిడ్డా?’

‘సిరా అవ్వా. పాళీ నాకిన.’

అప్పుడు అమృతమ్మ పిల్ల తల ఒళ్లోకి తీసుకుంది. నూనె పెట్టిన జుట్టు మీద, తిన్నటి పాపిడి మీద వేలు పోనిచ్చి, రిబ్బను ముడి దాకా వచ్చి ఆగింది. ‘గీ జడ ఎవరేసిన్రు? సాలమ్మనా?’

‘సాలమ్మవ్వకు గీ ముడి రాదు. బాపు ఏసిండు.’

ఆమె లింగస్వామి వైపు చూడలేదు. మంజులత అప్పటికే ఒడిలోంచి జారి పీట దగ్గరికి పోయింది. రొట్టె రెండు చేతులతో విరిచింది, పెచ్చు కరకరమని వంటింటి నిండా రాలింది, ముక్కను జాడీలోని మామిడికాయ తొక్కు నూనెలో అద్ది నోట్లో పెట్టుకొని, ఇంకో ముక్క అవ్వ ముందు పట్టింది.

‘నాకెందుకు? నాకేం రోగమొచ్చింది?’

‘ఇది రోగపోళ్లది గాదవ్వా. కరకర అంటది. తినరాదు ఒక్కసారి.’

అమృతమ్మ ముక్క తీసుకొని చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది. తరువాత నోట్లో పెట్టుకుంది, పళ్లున్న కుడి దవడ వైపుకు తోసుకొని నమలసాగింది. ‘గా దవాఖానల రొట్టె మెత్తగుండె’ అంది చివరికి. ‘పాలల్ల పెడితే కరిగిపోతుండె. మింగుడు గూడ కష్టం లేకుండె దానికి.’ ఇంకా నములుతూనే ఉంది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, ఆమె వాటిని పట్టించుకోవటం లేదు. ‘ఇది వేరే. ఇది పండ్లున్నోళ్ల రొట్టె.’ ముక్క తిప్పి అడుగు చూసింది. ‘మాడింది.’

‘మాడింది అత్తమ్మా.’

‘మాడదా మరి? ఇసుక ఇంకో రెండు వేళ్ల మందం పొయ్యాలె. చదువుకున్నవ్ గని కుండ అడుగు పల్చగున్నదని తెల్వదా?’

సాలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ఒక చేతిలో అమృతమ్మ మూట, ఇంకో చేతిలో ఆమె జారవిడిచిన చెప్పు. మూట మీద మడతపెట్టిన కొత్త గోనెసంచి కట్టి ఉంది, పిల్ల బట్టలకని తెచ్చింది. ‘నేనేం జేతు వదినా, రొట్టెను చూస్తే నాకు జరమే యాదికొచ్చె’ అంది సాలమ్మ.

‘నీ నోట్ల మన్నువడ, నా పానం సందులనే పోయేటట్టున్నది’ అంటూ అమృతమ్మ చెప్పు తొడుక్కుంది, మూట అందుకుంది. గోనెసంచి విప్పలేదు. ‘పొద్దుగాల మోత్కూరు బస్సు ఎన్నిటికయ్యా?’

‘ఏడింటికి.’ లింగస్వామి నేల మీద రాలిన పెచ్చులు చేత్తో పోగు చేశాడు.

ఆమె పిల్ల మూతి చుట్టూ అంటిన తొక్కు కొంగుతో తుడుస్తోంది. తుడుస్తూనే, తల ఎత్తకుండానే అంది. ‘బతుకమ్మకు ఇంక నెల గూడ లేదు. మొదటి దినం, ఎంగిలిపువ్వు నాటికి పిల్లను తోలియ్యి. ఆఖరు దినం సద్దులైనంక నేనే తెచ్చి దింపుత.’

తెచ్చి దింపుతానంది. అంటే, ఆడబిడ్డను పండుగకు పుట్టింటికి పిలుచుకొని, పండుగ వెళ్లాక ఆమె సొంత ఇంటి దగ్గర దింపి రావటం. అండాలును కూడా ఏటా అట్లాగే పిలుచుకొని, అట్లాగే ఈ గడప దగ్గరికి తెచ్చి దింపింది ఆమె.

‘ఏందయ్యా, ఇనవడ్డదా?’

వినపడింది అత్తమ్మా అన్నాడు. వినపడింది గాని, ఆమె ఇంకోసారి అంటే బాగుండునని అక్కడే నిలబడ్డాడు.